గినీ పిగ్ మేత ముట్టకపోతే తెల్లారేదాకా ఆగకండి

సంపాదకులకు నమస్కారం.

పిల్లల పుట్టినరోజుకు చిన్న జంతువుల్ని కానుకగా ఇవ్వడం గురించి మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. కుందేళ్లు, గినీ పిగ్‌ల (ఎలుక జాతికి చెందిన చిన్న పెంపుడు జంతువుల) ఫొటోలు ముచ్చటగా ఉన్నాయి. పంజరాల గురించి రాశారు, ధరలు రాశారు. వాటికి జబ్బు చేస్తే మనకెలా తెలుస్తుంది, తెలిశాక ఎక్కడికి పరిగెత్తాలి అన్న దాని మీద మాత్రం ఒక్క వాక్యం కూడా లేదు. ఆ సంగతి తెలియకే మా ఇంట్లో ఒక ప్రాణం పోయింది. రెండోదాన్ని ఎలాగో దక్కించుకున్నాం. ఉత్తరం కాస్త పొడుగవుతుంది, మన్నించండి. కుదించాల్సి వస్తే మందుల గురించి, బరువు గురించి రాసిన మాటలు మాత్రం తీసేయకండి.

మాది తెనాలి. తపాలా శాఖలో 34 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. పోయిన సంక్రాంతి సెలవుల్లో మా మనవరాలు పట్టుబడితే మా అబ్బాయి పక్క ఊళ్లో ఒక షాపు నుంచి రెండు గినీ పిగ్‌లు తెచ్చాడు. ఒకటి బెల్లం రంగు, దానికి బూరె అని పేరు పెట్టింది. ఇంకోటి నల్లటి మచ్చలది, అది గారె. రెండూ ఆడవే. గుప్పెట్లో పట్టేంత ఉండేవి. షాపతను ఒక గింజల ప్యాకెట్ ఇచ్చి, ఇది వేసి నీళ్లు పెట్టండి, అప్పుడప్పుడు క్యారెట్ ముక్క పెట్టండి, ఇంకేం అక్కర్లేదు అన్నాడు. మేమూ నమ్మాం. వరిగడ్డి పరిచాం, గింజలు వేశాం, ఒకోసారి మా ఆవిడ నాలుగు అన్నం మెతుకులు కూడా పెట్టేది. ఇష్టంగానే తినేవి. ఫ్రిజ్ తలుపు చప్పుడైతే చాలు, రెండూ "వీక్ వీక్" మని ఇల్లంతా మోగించేసేవి.

ఫిబ్రవరి నెలాఖర్లో బూరె గెంతడం మానేసింది. ఈ జంతువులు సంతోషంగా ఉంటే ఉన్నచోటే పేలాల్లా ఎగిరెగిరి పడతాయి. అది ఆగింది. మేం ఎదుగుతోంది కదా, నిదానం వచ్చింది అనుకున్నాం. తర్వాత మూలన కూర్చోవడం మొదలుపెట్టింది. ఒళ్లు ముడుచుకుని, వెంట్రుకలు నిక్కబొడుచుకుని, కళ్లు సగం మూసుకుని. చలేమో అని గుడ్డ కప్పాం. మా మనవరాలు ఎత్తుకోబోతే కీచుమని అరిచింది. ఎప్పుడూ అలా అరవలేదు. "తాతయ్యా, దీనికి కాళ్లు నొప్పి" అంది. ఎనిమిదేళ్ల పిల్ల. ఇంట్లో ఆ మాట మొదట అన్నది అదే. మేం పట్టించుకోలేదు. వెనక కాళ్ల కీళ్లు లావెక్కి ఉన్నాయని నేను చూసేసరికి ఇంకో నాలుగు రోజులు గడిచిపోయాయి.

దగ్గర్లో ఉన్న పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన్ని తప్పు పట్టడానికి ఇది రాయడం లేదు. బయట రెండు గేదెలు, లోపల బల్ల మీద ఒక కుక్క, ఆ మధ్యలో మేం చెప్పుల డబ్బాలో దీన్ని పట్టుకుని నిలబడ్డాం. ఓపిగ్గానే చూశారు. బరువెంత అని అడిగారు. మాకు తెలియదు. అక్కడున్న కాటా పెద్ద జంతువులది. అందాజుగా లెక్క వేసి, ఇన్ఫెక్షన్ అయ్యుంటుందని అమోక్సిసిల్లిన్ సిరప్ రాశారు. చిన్నపిల్లలకు వేసేదే. రెండు పూటలు వేశాం. మూడో రోజు విరోచనాలు పట్టుకున్నాయి. నాలుగో రోజు తెల్లవారుజామున లేచి చూస్తే గారె దాని పక్కనే కూర్చుని ముక్కుతో పొడుస్తోంది. బూరె లేవలేదు.

పెరట్లో జామచెట్టు కింద పూడ్చాం.

అసలు జరిగిందేమిటో ఆర్నెల్ల తర్వాత, గారెకు జబ్బు చేసి విజయవాడ వెళ్లినప్పుడు తెలిసింది. అక్కడ చిన్న జంతువుల వైద్యం బాగా తెలిసిన ఒక డాక్టరమ్మ గారు బూరె సంగతంతా విని కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత రెండు విషయాలు చెప్పారు.

మొదటిది, విటమిన్ సి. కుక్కలు, పిల్లులు, ఆవులు దాన్ని తమ ఒంట్లోనే తయారుచేసుకుంటాయి. మనం చేసుకోలేం. గినీ పిగ్‌లూ చేసుకోలేవు. కిలో బరువుకు రోజుకు 10 నుంచి 30 మిల్లీగ్రాములు మేతలోనే అందాలి. అందకపోతే రెండు మూడు వారాల్లోనే కీళ్లు వాస్తాయి, నడవలేవు, చిగుళ్లు చెడతాయి, బొచ్చు గరుకెక్కుతుంది, పుండు పడితే మానదు. ఓడల్లో నెలల తరబడి తిరిగిన నావికుల్ని చంపిన స్కర్వీ జబ్బే ఇది. తర్వాత దీని గురించి చదివాను. 1907లో నార్వేలో అక్సెల్ హోల్స్ట్, థియొడోర్ ఫ్రోలిక్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఓడల్లో వచ్చే ఇంకో జబ్బును పరిశోధిస్తూ గినీ పిగ్‌లకు ఉత్త ధాన్యమే మేతగా పెట్టారట. వాటికి స్కర్వీ వచ్చింది. మనిషికి తప్ప ఇంకో జంతువుకు ఆ జబ్బు రావడం అప్పుడే బయటపడింది. అది చదివి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. వందేళ్ల కిందట ప్రయోగశాలలో వాటికి ఏం పెట్టి జబ్బు తెప్పించారో, మేం ఇంట్లో ప్రేమగా అదే పెట్టాం. 100 గ్రాముల జామపండులో 200 మిల్లీగ్రాములకు పైగా విటమిన్ సి ఉంటుంది. ఆ నెలల్లో మా జామచెట్టు కాయలు రాలి, చీమలు పట్టి, చీపురుతో ఊడ్చి పారేశాం. రోజుకొక చిన్న ముక్క వేసి ఉంటే బూరె ఇవాళ ఆ చెట్టు నీడలో తిరిగేది.

రెండోది, మందు. అమోక్సిసిల్లిన్, ఆంపిసిల్లిన్, మామూలు పెన్సిలిన్, క్లిండమైసిన్, ఎరిత్రోమైసిన్ లాంటివి నోటి ద్వారా వేస్తే గినీ పిగ్ ప్రాణానికే ముప్పు. దాని పెద్దపేగులో మేత పులిసి అరగడానికి మంచి సూక్ష్మజీవులుంటాయి. ఈ మందులు వాటిని చంపేస్తాయి. ఖాళీ అయిన చోట చెడ్డవి పెరిగి విషం వదులుతాయి. విరోచనాలు పట్టుకుని గినీ పిగ్ చనిపోతుంది. వాటికి పనికొచ్చే యాంటీబయాటిక్‌లు వేరే ఉన్నాయి, ఏది ఎంత మోతాదులో వేయాలో తెలిసిన డాక్టర్లే వేయాలి. అందుకే గినీ పిగ్ ఉన్నవాళ్లందరికీ చేతులెత్తి చెబుతున్నాను. డాక్టరు ఏ మందు రాసినా, "సార్, ఇది గినీ పిగ్‌కు వేయొచ్చా? పెన్సిలిన్ జాతిదా?" అని ఒక్కసారి అడగండి. అడిగితే ఏ డాక్టరూ కోప్పడరు. ఇంట్లో మిగిలిన పిల్లల సిరప్ మాత్రం అసలు ముట్టుకోకండి.

ఇక గారె కథ.

బూరె పోయాక నాకు నిద్ర పట్టలేదు. పోస్టాఫీసులో ఇన్నేళ్లు కవర్లు తూచినవాణ్ణి. 20 గ్రాములు దాటితే ఇంకో స్టాంపు అంటించమని ఎన్ని వేల మందిని వెనక్కి పంపానో. ఆ కాటా చూసిన చేతులతో ఇంట్లో ఉన్న ప్రాణాన్ని ఒక్కసారి కూడా తూచలేదే అనిపించింది. వంటింటి డిజిటల్ కాటా మీద స్టీలు గిన్నె పెట్టి, లోపల ఒక గుడ్డ వేసి, ప్రతి ఆదివారం ఉదయం మేత వేయకముందు గారెను తూచడం మొదలుపెట్టాను. కొత్తిమీర కాడ ఒకటి గిన్నెలో వేస్తే అది నములుతూ కదలకుండా కూర్చునేది. పాత రూళ్ల పుస్తకంలో తేదీ, బరువు, పక్కన ఏదైనా తేడా కనిపిస్తే ఒక మాట. అంతే రాసేవాణ్ణి.

మేత కూడా మార్చాం. ఏం తక్కువైందో అప్పటికి తెలియకపోయినా, గింజల మీద అనుమానంతో ఆ ప్యాకెట్ తీసేశాం. పొద్దున్నే నడకకు వెళ్లి, మందు కొట్టని చోట చూసుకుని గరిక కోసుకొచ్చేవాణ్ణి. రోజూ ఒక క్యాప్సికం ముక్క, జామ ముక్క, కొత్తిమీర. విటమిన్ చుక్కలు నీళ్లలో కలపమని కొందరు చెబుతారు. నీళ్లలో కలిపితే వెలుతురుకు, గాలికి దాని బలం కొన్ని గంటల్లోనే పోతుంది, పైగా రుచి మారిందని నీళ్లు తాగడం మానేస్తాయి. మేతలో అందితేనే మేలు.

రోహిణి కార్తె ఎలా గట్టెక్కామో మాకే తెలుసు. ఇవి పుట్టింది దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండల్లో. 27 డిగ్రీలు దాటితేనే వాటికి కష్టం. మనకు 44 డిగ్రీలు కాసింది. చెమట పట్టదు, కుక్కలా రొప్పి చల్లబరుచుకోవడమూ వాటికి చేతకాదు. మా ఇంట్లో చల్లగా ఉండే నడవలో నాపరాళ్ల మీదకు మార్చి, కిటికీకి తడిపిన గోనెపట్టా కట్టి, నీళ్ల సీసా గడ్డకట్టించి తువ్వాలు చుట్టి పక్కన పెట్టేవాళ్లం. దాన్ని ఆనుకుని పడుకునేది. ఎండదెబ్బ తగిలితే బోర్లా చాపుకుని పడిపోతుంది, నోటి చుట్టూ తడి, డొక్కలు గబగబా ఎగరేస్తుంది. అప్పుడు ఐసునీళ్లలో ముంచకూడదట. మామూలు చల్లనీళ్లతో చెవులూ పాదాలూ తడుపుతూ వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.

ఆగస్టు దాకా పుస్తకంలో అంకెలు బాగానే ఉన్నాయి. 903, 908, 912. ఆ తర్వాత ఆదివారం 894. కాటా కదిలిందేమో అని మళ్లీ తూచాను. అదే. పైకి ఏ తేడా లేదు. ఫ్రిజ్ తలుపు తీస్తే అరుస్తూనే ఉంది, మేత దగ్గరికి పరిగెత్తుతూనే ఉంది. మా అబ్బాయి, "నాన్నా, 18 గ్రాములకు టెన్షన్ ఎందుకు" అన్నాడు. వాడు అన్నదాంట్లో తప్పు లేదు, ఆ మాత్రం తేడా ఉచ్చ పోస్తేనో, కడుపు ఖాళీగా ఉంటేనో కూడా వస్తుంది. అయినా ఆ వారమంతా నేను దాని పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

కూర్చుంటే కనిపించింది. కీర ముక్క వేయగానే ఆత్రంగా వచ్చి నోట కరుస్తుంది. రెండు సార్లు నములుతుంది. తల ఒక పక్కకు వంచి, దవడ ఏదో అడ్డం పడ్డట్టు తిప్పి, ముక్కను కింద వదిలేస్తుంది. మళ్లీ అందుకుంటుంది, మళ్లీ వదిలేస్తుంది. ఆకలి ఉంది, తినలేకపోతోంది. చుబుకం కింద వేలు పెట్టి చూస్తే బొచ్చు తడిగా, జిగటగా ఉంది. కింద పరిచిన గుడ్డ దులిపితే పెంటికలు మునుపటిలా కందిగింజల్లా నిగనిగలాడుతూ లేవు. చిన్నవైపోయి, ఎండి, ఒక కొస మొనదేలి ఉన్నాయి. రోజుకు వందకు పైగా వేసేది అందులో సగం కూడా వేయలేదు. ఆదివారం దాకా ఆగకుండా శుక్రవారమే తూచాను. 851.

మనకు దొరికే ఆధారాలివే. పులి కంట పడకూడదనుకునే జింకలాగే ఇదీ జబ్బు దాచుకునే జాతి. మందలో నీరసంగా కనిపించినదాన్నే వేటజంతువు ముందు పట్టుకుంటుంది. కాబట్టి ఆఖరి నిమిషం దాకా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. మన కంటికి జబ్బుగా కనిపించిందంటే అప్పటికే చాలా దూరం వచ్చేసిందని అర్థం. కన్ను మోసపోతుంది గానీ కాటా మోసపోదు. కిలో దాకా ఉండే జంతువు 50 గ్రాములు తగ్గితే కనిపెట్టుకుని ఉండాలని, 100 తగ్గితే ఇంకేమీ ఆలోచించకుండా బయల్దేరాలని డాక్టరమ్మ గారు చెప్పారు. బరువు సంగతి అటుంచితే, సగం రోజు ఏమీ తినకపోతే అదే ఎమర్జెన్సీ. కుక్క ఒక పూట తినకపోతే లంఖణం పరమౌషధం అంటాం. దీనికి లంఖణం పనికిరాదు. పేగుల్లో మేత ఆగకుండా కదులుతూనే ఉండాలి. ఆగితే గ్యాస్ పట్టి, పొట్ట డప్పులా ఉబ్బి, ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదకొస్తుంది.

ఆ శుక్రవారం మధ్యాహ్నం నుంచి డాక్టరు కోసం ఫోన్లు చేశాను. తల ప్రాణం తోకకొచ్చింది. ఏడు చోట్ల అడిగితే ఐదు చోట్ల కుక్కలు, పిల్లులే చూస్తామన్నారు. ఒకరైతే, చూస్తాం గానీ రాత్రి నుంచి ఏమీ పెట్టకుండా తీసుకురండి అన్నారు. కుక్కకు మత్తు ఇవ్వాలంటే పస్తు ఉంచుతారు, వాంతి చేసుకుంటుందని. గినీ పిగ్ అసలు వాంతి చేసుకోలేదు, దాన్ని పస్తు ఉంచితే మత్తు కన్నా ఆకలే ప్రమాదం. ఇది నాకు అప్పటికి తెలియదు. తెలియకపోయినా, తినలేక నీరసించినదాని కడుపు ఎండగట్టడానికి మనసొప్పలేదు. ఏడో ఫోన్ విజయవాడ డాక్టరమ్మ గారిది. అవతలి నుంచి ఆమె అడిగిన మొదటి మాట, "ఇప్పుడు బరువెంత, పోయిన వారం ఎంత?" పుస్తకం తీసి చదివాను. "రేపు పొద్దున్నే తీసుకొచ్చేయండి. దారిలో దాని ముందు గడ్డి పెట్టే ఉంచండి" అన్నారు.

మా మనవరాలు స్కూలు మానేసి మరీ వచ్చింది. గాలి తగిలేలా బెజ్జాలున్న బుట్టలో గరిక పరిచి, పైన పల్చటి గుడ్డ కప్పి, పొద్దున పూట రైలెక్కాం. గంటలోపే విజయవాడ. ఆ గంటసేపూ ఆ పిల్ల బుట్ట లోపల చెయ్యి పెట్టి తియ్యలేదు.

డాక్టరమ్మ గారు ముందు పళ్లు చూశారు. ముందరి నాలుగు పళ్లు చక్కగానే ఉన్నాయి. చెవిలోకి చూసే లైటు లాంటిదాన్ని దవడలోకి పెట్టి, నన్ను కూడా వంగి చూడమన్నారు. కింది దంతాలు రెండు వైపుల నుంచీ లోపలికి వాలి, నాలుక మీద వంతెనలా కలవబోతున్నాయి. నాలుక వాటి కింద ఇరుక్కుపోయింది. గినీ పిగ్‌కు 20 పళ్లు, ఆ ఇరవయ్యీ బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయి. పీచున్న గడ్డి గంటల తరబడి నమిలితేనే అరుగుతాయి. మొదటి రెండు నెలలు మేం పెట్టిన గింజలూ మెతుకులూ బూరె ఒక్కదానికే కాదు, దీనికీ చెరుపే చేశాయి. చిన్నప్పుడు విటమిన్ సి తక్కువైతే పళ్లు పట్టు తప్పి వంకరగా పెరుగుతాయట కూడా. ఎక్స్‌రే తీశారు, వేళ్ల దగ్గర చీము లేదని తేలింది. గ్యాస్ మత్తు ఇచ్చి, పెరిగినంత మేర అరగదీశారు. అరగంట పట్టింది. బయట బెంచీ మీద నా మనవరాలు నా చొక్కా అంచు పట్టుకుని కూర్చుంది.

ఇంటికొచ్చాక పది రోజులు చేత్తో తినిపించాల్సి వచ్చింది. దీన్ని గురించి వివరంగా రాయాలి, ఎందుకంటే ఇక్కడే చాలామంది భయపడి వదిలేస్తారు. డాక్టరమ్మ గారు ఇచ్చిన మేత పొడిని గోరువెచ్చటి నీళ్లలో గంజిలా కలపాలి. సూది తీసేసిన 1 మిల్లీలీటరు సిరంజీలోకి పీల్చాలి. జంతువును ఒళ్లో తువ్వాల్లో చుట్టి, తల పైకెత్తకుండా మామూలుగా నిలబడినట్టే పట్టుకోవాలి. ముందరి పళ్ల పక్కగా, దవడ సందులోంచి సిరంజీ కొస పెట్టి చుక్కా చుక్కా వదలాలి. నమిలి మింగాకే ఇంకో చుక్క. తొందరపడి ఎక్కువ వదిలితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. రెండు మూడు గంటలకోసారి, రాత్రి కూడా. పొట్ట ఉబ్బి గట్టిగా ఉంటే మాత్రం డాక్టరు చూడకుండా ఇలా తినిపించకూడదు. పగలు మా ఆవిడ, రాత్రి నేను. అలారం పెట్టుకుని లేచేవాణ్ణి. మొదటి రెండు రోజులు ప్రతి చుక్కకూ తల విదిల్చింది, నా బనీను నిండా ఆకుపచ్చ మరకలే. ఐదో రోజు రాత్రి రెండు గంటలకు సిరంజీ చూపించగానే రెండు ముందు కాళ్లతో పట్టుకుని లాక్కుంది. మా ఆవిణ్ణి నిద్ర లేపి చూపించాను.

పుస్తకంలో ఆ నెల అంకెలు: 838, 829, 841, 860. ఇప్పుడు తనంతట తనే గరిక తింటోంది. ఆరు వారాలకోసారి పళ్లు చూపించుకు రావాలి, బహుశా జీవితాంతం.

మా రెండింటికీ వచ్చినవి ఇవి. ఇవి కాక డాక్టరమ్మ గారు చెప్పిన మరికొన్ని గుర్తుపెట్టుకున్నాను. ఊపిరి తీస్తుంటే టకటక చప్పుడు, ముక్కు కారడం, కళ్లకు పుసి కట్టడం న్యుమోనియా గుర్తులు. అయితే రోజూ ముఖం కడుక్కునేటప్పుడు కళ్లలోంచి పాలలాంటి నీరు వస్తుంది, అది సహజమే. మేం ఒకసారి దానికి అనవసరంగా హడలిపోయాం. కుందేళ్లు, కుక్కలు పైకి ఏమీ లేకుండానే ఆ న్యుమోనియా క్రిమిని మోస్తాయి, కాబట్టి కుందేలుతో ఒకే గూట్లో పెట్టకూడదు. మేం కొన్న షాపులో అలాగే పెట్టారు. ఉచ్చ పోసేటప్పుడు కీచుమన్నా, ఉచ్చలో రక్తం కనిపించినా మూత్రంలో రాళ్లు కావచ్చు, ఎక్స్‌రేలో తెలుస్తుంది. పిచ్చిపట్టినట్టు గోక్కుంటూ బొచ్చు రాలుతుంటే కంటికి కనిపించని గజ్జి పురుగు, మందు ఉంది. గుండ్రంగా బొచ్చు ఊడి పొలుసు కడితే తామర కావచ్చు, అది పిల్లలకూ అంటుకుంటుంది. తీగల నేల ఉన్న పంజరంలో పెడితే అరికాళ్లు పుళ్లు పడతాయి. ఏడెనిమిది నెలలు దాటిన ఆడదాన్ని మొదటిసారి మగదానితో కలిపితే, అప్పటికి కటి ఎముకలు కలిసిపోయి ఉంటాయి కాబట్టి కాన్పు కష్టమై తల్లీ పిల్లలూ పోయే ప్రమాదం ఉంది. షాపులో రెండూ ఆడవే అని చెప్పినా ఒకసారి డాక్టరుకు చూపించుకోండి.

ఇప్పుడు నేను అడగదలుచుకున్నవి.

పెంపుడు జంతువుల షాపులకు 2018లోనే కేంద్రం నిబంధనలు తెచ్చింది. రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర రిజిస్టర్ చేసుకోవాలి, అమ్మకాల రికార్డు రాయాలి. మంచిదే. దానికి తోడు ప్రతి జంతువుతో పాటు అర కాగితం ఇవ్వమనండి. ఇవాళ్టి బరువు ఇంత, రోజూ గడ్డి పెట్టాలి, విటమిన్ సి దీనిలో దొరుకుతుంది, తినడం మానేస్తే ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లాలి, పెన్సిలిన్ జాతి మందులు వేయకూడదు. ఈ ఐదు ముక్కలు తెలుగులో అచ్చు వేయించడానికి ఎంతవుతుంది? ఆ కాగితం మా చేతిలో ఉండి ఉంటే బూరె బతికేది.

పశువైద్యులంతా రాష్ట్ర వెటర్నరీ కౌన్సిల్‌లో నమోదై ఉంటారు. జిల్లాల వారీగా చిన్న జంతువులు చూసే డాక్టర్ల జాబితా ఒకటి వేయడం వాళ్లకు పెద్ద పనేమీ కాదు. పశువుల అంబులెన్స్ కోసం 1962కు ఫోన్ చేసినవాళ్లకు కూడా ఆ జాబితా చూసి, ఫలానా ఊళ్లో ఫలానా వారు చూస్తారు అని చెప్పగలిగితే చాలు, బండి రానక్కర్లేదు. మేమే మోసుకెళ్తాం. గన్నవరంలో, తిరుపతిలో పశువైద్య కళాశాలలున్నాయి. అక్కడ చదువుకుంటున్న పిల్లలు రేపు మా ఊళ్లకు డాక్టర్లుగా వస్తారు. గేదెలతో పాటు ఈ చిన్న ప్రాణాల మందుల మోతాదులు కూడా వాళ్లకు బాగా వంటబట్టేలా నేర్పమని ప్రొఫెసర్లను వేడుకుంటున్నాను.

మీ పత్రిక వరకు నా కోరిక ఒక్కటే. ఇలాంటి జంతువు గురించి ఈసారి వ్యాసం వేసినప్పుడు ఫొటో ఒక అంగుళం తగ్గించి, ఆ చోట్లో దాని జబ్బు గుర్తులు వేయండి.

ఒంటరి గినీ పిగ్ దిగులు పెట్టుకుంటుంది. స్విట్జర్లాండ్‌లో 2008 నుంచి వీటిని ఒంటరిగా పెంచకూడదని చట్టమే ఉంది. అందుకని ఊరు మారిపోతున్న ఒక కుటుంబం దగ్గర నుంచి ఇంకో ఆడదాన్ని తెచ్చుకున్నాం. పేరు అట్టు. జబ్బు ఏదైనా ఉంటే బయటపడటానికి మూడు వారాలు వేరే గదిలో ఉంచమన్నారు, ఇవాళ్టికి పదకొండు రోజులైంది. ఈ ఉదయం తూచాను. గారె 897, అట్టు 764. నేను కాటా దగ్గర ఉండగానే మా ఆవిడ ఫ్రిజ్ తలుపు తీసింది. ముందు గారె అరిచింది. తలుపు అవతలి గదిలోంచి అట్టు జవాబు చెప్పింది. మా మనవరాలు క్యాలెండర్ దగ్గరికి పరిగెత్తి, ఇంకా పది రోజులని లెక్కపెట్టుకుంది.

ఇట్లు,
భవదీయుడు,
ఒక రిటైర్డ్ తపాలా ఉద్యోగి,
తెనాలి